సేవా భవన్ రాసిన పద్నాలుగు అధికరణాలు

సైబర్ భద్రత మీద మన ప్రభుత్వ కార్యాలయాల నుంచి వచ్చే కాగితాల్లో చాలావాటిది ఒకటే నడక. తగిన చర్యలు తీసుకోవాలి, అప్రమత్తంగా ఉండాలి, సమగ్ర విధానం రూపొందించుకోవాలి. చదువుతున్నంతసేపూ కాదనడానికి ఏమీ కనిపించదు. చదవడం అయ్యాక, రేపు పొద్దున ఆఫీసుకు వెళ్లి ఏం చెయ్యాలో మాత్రం బోధపడదు. 2021 అక్టోబర్ 7న కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ విడుదల చేసిన సైబర్ భద్రత మార్గదర్శకాలు ఆ కోవలోకి రావు. పద్నాలుగు అధికరణాల ఈ పత్రానికి సాహిత్య గుణం ఏ కోశానా లేదు. అయినా పనితనం కోసం చదవదగ్గ రచన అంటాను.

ఆ సంస్థ ఉండేది ఢిల్లీ ఆర్.కె. పురం సెక్టార్-1లోని సేవా భవన్‌లో. రామకృష్ణ పరమహంస పేరు పెట్టుకున్న ఈ ప్రభుత్వోద్యోగుల కాలనీ తెలుగువాళ్లలో కొందరికి గుట్ట మీది మలై మందిర్ వల్ల తెలుసు, మరికొందరికి బ్లాకుల్లోని ఆఫీసుల చుట్టూ ఫైళ్లు పట్టుకుని తిరగడం వల్ల తెలుసు. కేంద్ర జల సంఘం కూడా సేవా భవన్‌లోనే ఉంది కాబట్టి మన నీటిపారుదల ఇంజనీర్లకు ఆ మెట్లు కొత్తేమీ కావు. ఇక విద్యుత్ ప్రాధికార సంస్థ 1948 చట్టం కింద ఏర్పడి, 1951లో పార్ట్‌టైమ్ సంస్థగా మొదలై, 1975లో పూర్తికాలపు సంస్థ అయింది. ఇప్పుడు దానికి ఆధారం 2003 విద్యుత్ చట్టంలోని సెక్షన్ 70. గ్రిడ్‌కు ఏది ఎలా తగిలించాలి, తీగకూ నేలకూ మధ్య ఎంత ఎడం ఉండాలి, ఏ పరికరం ఏ పరీక్షకు నిలవాలి అని దశాబ్దాలుగా రాస్తూ వచ్చిన ఇంజనీర్ల సంస్థ అది. సైబర్ భద్రత మీద రాయాల్సి వచ్చినప్పుడూ ఆ చెయ్యి అలవాటు పోలేదు.

మన సబ్‌స్టేషన్లలో లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకుంటాడు. ఏ ఫీడరు మీద, ఎవరు అడిగారు, ఎన్నింటికి ఇచ్చారు, పని అయ్యాక ఎన్నింటికి తిరిగి అప్పగించారు అన్నవన్నీ రిజిస్టరులో పడాలి. లైన్‌మన్ జాగ్రత్తపరుడా కాదా అని అక్కడ ఎవరూ అడగరు. రిజిస్టరు చూస్తే చాలు. సేవా భవన్ పత్రం కంప్యూటర్లకు ఇదే పద్ధతిని వర్తింపజేసింది. దాని గొప్పతనం అంతా అక్కడే ఉంది: ప్రతి కోరికనూ బయటివాడొచ్చి అవునో కాదో తేల్చగలిగేలా రాశారు.

ఎందుకు రాయాల్సి వచ్చిందో కొంత చెప్పుకోవాలి. 2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో మూడు పంపిణీ సంస్థల కంట్రోల్ రూముల్లో ఆపరేటర్లు చూస్తుండగానే తెర మీద మౌస్ గుర్తు దానంతట అది కదిలి బ్రేకర్లను తెరిచింది. దాదాపు 2.25 లక్షల వినియోగదారులకు కరెంటు పోయింది. దొంగలు లోపలికి వచ్చింది కరెంటు వైపు నుంచి కాదు. నెలల ముందు ఆఫీసు కంప్యూటర్లకు వచ్చిన ఈమెయిల్ అటాచ్‌మెంట్ల ద్వారా వచ్చారు. అక్కడి నుంచి కంట్రోల్ రూముకు దారి వెతుక్కున్నారు. మన దగ్గరికి వస్తే, 2019లో ఉభయ తెలుగు రాష్ట్రాల డిస్కంల కంప్యూటర్ల మీద రాన్సమ్‌వేర్ పడి వెబ్‌సైట్లు, ఆన్‌లైన్ సేవలు ఆగిపోయాయి. అదే ఏడాది కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం పాలనా విభాగపు కంప్యూటరొకటి మాల్‌వేర్ బారిన పడిందని అధికారులు ఒప్పుకున్నారు. 2020 అక్టోబర్ 12న ముంబయి అంధకారంలో మునిగినప్పుడు దాని వెనక సైబర్ దాడి ఉందా లేదా అన్నదాని మీద మహారాష్ట్ర ఒకటన్నది, కేంద్రం ఒకటన్నది. 2021 మార్చిలో తెలంగాణ ట్రాన్స్‌కో, జెన్‌కోలకు సైబర్ దాడుల మీద స్పందించే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ నుంచి హెచ్చరిక వచ్చింది. అనుమానాస్పద చిరునామాలను అడ్డుకుని, పాస్‌వర్డులు మార్చి గండం గట్టెక్కారు. ఆ తర్వాత ఏడు నెలలకు మార్గదర్శకాలు వచ్చాయి.

పత్రం లోపలికి వెళదాం. విద్యుత్ సంస్థలో కంప్యూటర్లు రెండు రకాలు. జీతాలు, బిల్లులు, ఉత్తరప్రత్యుత్తరాలు చూసేవి ఒక రకం, ఇవి ఐటీ. బ్రేకరు తెరవడం, టర్బైను వేగం మార్చడం, సబ్‌స్టేషన్ రీడింగులు లోడ్ డిస్పాచ్ సెంటర్‌కు చేర్చడం లాంటి పనులు చేసేవి రెండో రకం, ఇవి ఓటీ. ఐటీ పోతే డబ్బు పోతుంది, పరువు పోతుంది. ఓటీ పోతే ఆసుపత్రిలో వెంటిలేటరు ఆగుతుంది. మొదటి అధికరణం పెట్టే మొదటి షరతు ఈ రెంటినీ వేరుచేయడమే: ఇంటర్నెట్ వైపు ముఖం ఉన్న ఏ ఐటీ వ్యవస్థతోనూ ఓటీకి లంకె ఉండకూడదు. ఉక్రెయిన్ దాడి నడిచిన దారి సరిగ్గా అదే.

ఇంతవరకు ఏ సలహాదారుడైనా చెబుతాడు. తరవాతి వాక్యాల్లోనే చెయ్యి తిరిగిన రాతగాళ్లు కనిపిస్తారు. ఇంటర్నెట్ కావాలంటే ఒక ప్రదేశంలో ఒక్క వ్యవస్థనే దానికి తగిలించుకోవచ్చు, అది విడిగా ఒక గదిలో ఉండాలి, ఆ గది ముఖ్య సమాచార భద్రతాధికారి అదుపులో ఉండాలి. అక్కడి నుంచి ఏదైనా దించుకోవాలన్నా, అక్కడికి ఎక్కించాలన్నా ముందే గుర్తించి జాబితాలో చేర్చిన పరికరంతోనే చెయ్యాలి. ఆ పరికరాన్నీ, అందులోని సరుకునూ రెంటినీ స్కాన్ చెయ్యాలి. ఇదంతా లాగుల్లో, అంటే కంప్యూటరు రాసుకునే రికార్డుల్లో, నమోదు కావాలి. ఆ లాగులు కనీసం ఆరు నెలలు అదే అధికారి దగ్గర భద్రంగా ఉండాలి.

పెన్‌డ్రైవ్ అనే అంగుళం వస్తువు చుట్టూ ఎన్ని తాళాలు వేశారో చూడండి. వస్తువు ఏదో తెలుసు, చోటు ఏదో తెలుసు, బాధ్యుడు ఎవరో తెలుసు, ఎంత కాలం సాక్ష్యం దాచాలో తెలుసు. ఆడిటర్ వచ్చి ‘మీ జాబితాలో ఎన్ని పరికరాలున్నాయి, పోయిన మంగళవారం లాగు చూపించండి’ అంటే రెండే జవాబులు సాధ్యం. ‘తొలగించగల మాధ్యమాలను జాగ్రత్తగా వాడాలి’ అని రాసి ఉంటే జవాబులు వంద ఉండేవి. ఇంకో సంగతి: ఈ పత్రం వచ్చి ఆరు నెలలు దాటాక, 2022 ఏప్రిల్ 28న, సెర్ట్-ఇన్ దేశంలోని కంపెనీలన్నింటినీ 180 రోజుల లాగులు దాచమని, ఘటన తెలిసిన ఆరు గంటల్లో చెప్పమని ఆదేశించింది. విద్యుత్ రంగం ఆ లాగుల దారిలో అప్పటికే ఉంది.

ఫైర్‌వాల్ విషయంలోనూ ఇదే తీరు. అనుమతించిన చిరునామాల జాబితా ఒక్కో ఫైర్‌వాల్‌కు విడివిడిగా ఉండాలి, జాబితాలో లేనిదాంతో మాట్లాడటానికి వీల్లేదు. చెడ్డవాళ్ల జాబితా రాసుకుని వాళ్లను ఆపడం మామూలుగా అందరూ చేసే పని. ఆ జాబితా ఎప్పటికీ పూర్తి కాదు. మంచివాళ్ల జాబితా చిన్నది, లోడ్ డిస్పాచ్ సెంటరూ పక్క సబ్‌స్టేషనూ ఇంకా నాలుగు. అది రాయగలం, సరిచూడగలం.

రెండో అధికరణం బాధ్యుణ్ని నియమిస్తుంది. ముఖ్య సమాచార భద్రతాధికారితో పాటు ఆయన లేనప్పుడు చూసుకునే ప్రత్యామ్నాయ అధికారిని కూడా పేరుపెట్టి చూపాలంటుంది. దాడులు పండగ సెలవుల్లో, అర్ధరాత్రి రెండింటికి జరుగుతాయని రాసినవాళ్లకు తెలుసు. మూడోది కీలక వ్యవస్థలను గుర్తించమంటుంది. నాలుగోది వాటి చుట్టూ ఎలక్ట్రానిక్ భద్రతా ప్రాకారం గీయమంటుంది. ఈ ప్రాకారం అన్న ఆలోచన అమెరికా విద్యుత్ ప్రమాణాల నుంచి వచ్చింది. విద్రోహ చర్యల నివేదన అనే పన్నెండో అధికరణంలోనూ ఆ ఛాయ ఉంది. అరువు తెచ్చుకోవడం తప్పు కాదు. 2003 ఆగస్టులో ఈశాన్య అమెరికా, కెనడాల్లో గ్రిడ్ కూలినప్పటి నుంచి వాళ్లు దిద్దుకుంటూ వచ్చిన పనిని మళ్లీ మొదటి నుంచి చెయ్యడం వృథా.

ఏడో అధికరణం నాకు ప్రత్యేకంగా నచ్చినది. పాతబడ్డ వ్యవస్థలను గుర్తించి, తయారీదారు మద్దతు లేనివాటిని దశలవారీగా తొలగించే ప్రణాళిక రాయమంటుంది. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ఆగిపోయింది. సబ్‌స్టేషన్‌లో పెట్టిన పరికరం పదిహేను, ఇరవై ఏళ్లు నడవాలని కొంటారు. కంప్యూటరు కాలమూ కరెంటు కాలమూ ఒకటి కాదని ఒప్పుకుని దానికొక అధికరణం కేటాయించడం, పని తెలిసినవాళ్లు చేసే పని.

ఇక సర్టిఫికెట్ సంగతి. విద్యుత్ సంస్థలు ఐఎస్‌ఓ 27001 ధ్రువీకరణ పొంది ఉండాలని, దానికి ఇంధన సరఫరా రంగానికి ప్రత్యేకించిన 27019ని కూడా కలుపుకోవాలని పత్రం నిర్దేశించింది. 27001 మూలాలు 1995 నాటి బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 7799లో ఉన్నాయి. 2022లో సవరించిన కూర్పు అనుబంధంలో 93 నియంత్రణలుంటాయి. ఏవి మనకు వర్తిస్తాయి, ఏవి వర్తించవు, ఎందుకు వర్తించవు అని సంస్థ తనంతట తాను ఒక పట్టిక రాసుకోవాలి. ధ్రువీకరించే సంస్థ మొదటి విడతలో కాగితాలు చూస్తుంది, రెండో విడతలో పని చూస్తుంది. సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది, మధ్యలో ఏటా తనిఖీ ఉంటుంది.

ఇందులో ఒక చిలిపి దారి ఉంది. దేనికి ధ్రువీకరణ కావాలో ఆ పరిధిని నిర్ణయించుకునేది సంస్థే. హెడ్డాఫీసులో ఒక్క డేటా సెంటర్ గదికి సర్టిఫికెట్ తెచ్చుకుని, లెటర్‌హెడ్ మీద మాత్రం సంస్థ మొత్తానికి వచ్చినట్టు ముద్ర వేసుకునేవాళ్లు లేకపోలేదు. మన దేశంలో ఈ ముద్రకు చెడ్డపేరు రావడానికి సగం కారణం అదే. సేవా భవన్ వాళ్లు 27019ని జోడించడంతో ఈ దారి చాలావరకు మూసుకుపోయిందని నా లెక్క. 27019 మాట్లాడేది నియంత్రణ వ్యవస్థల గురించి, సబ్‌స్టేషన్ గురించి. బిల్లింగ్ సెంటరును మాత్రమే చూపించి ఆ ప్రమాణాన్ని దాటడం కష్టం.

మనుషులకూ ధ్రువీకరణ అడిగారు. సమాచార భద్రతా విభాగంలో పనిచేసే ఇంజనీర్ల దగ్గర, ప్రాధికార సంస్థ గుర్తించిన శిక్షణ సంస్థల నుంచి విద్యుత్ రంగ సైబర్ భద్రత కోర్సు పూర్తిచేసినట్టు పత్రం ఉండాలి. ఐటీ, ఓటీ వ్యవస్థలను నడిపేవాళ్లందరూ ఈ కోర్సు చెయ్యాలి, అదీ తొంభై రోజుల్లో. ఇక్కడ మాత్రం రాతగాళ్ల కలం తొందరపడింది. వేలమంది ఆపరేటర్లు షిఫ్టుల్లో పనిచేసే రంగంలో, శిక్షణ సంస్థలే అప్పుడప్పుడే తయారవుతున్న చోట తొంభై రోజులు ఎలా సరిపోతాయి? కొలవగలిగే గడువు పెట్టడం మంచిదే, కాని అందుకోలేని గడువు పెడితే మిగతా గడువులకు కూడా విలువ తగ్గుతుంది. నమ్మదగిన సరఫరాదారుల జాబితా ‘తయారైనప్పుడు’ దాని నుంచే కొనాలన్న షరతు కూడా అలాంటిదే. లేని జాబితాను పాటించమనడం పత్రంలోని బిగువుకు నప్పదు.

తొమ్మిదో అధికరణం సరఫరా గొలుసు గురించి. దీని ప్రభావం సేవా భవన్ గోడలు దాటి చాలా దూరం పోతుంది. పత్రం పరిధిలో జెన్‌కోలు, ట్రాన్స్‌కోలు, డిస్కంలే కాదు, వాటికి పరికరాలు తయారుచేసేవాళ్లు, అమ్మేవాళ్లు, అమర్చేవాళ్లు, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు, నిర్వహణ చూసేవాళ్లు అందరూ ఉన్నారు. 2020 జూలై 2న విద్యుత్ మంత్రిత్వ శాఖ దిగుమతి పరికరాలన్నింటినీ మాల్‌వేర్ కోసం పరీక్షించాలని ఆదేశించింది. ఈ అధికరణం ఆ ఆదేశానికి కొనసాగింపు. 2021లోనే మొదలైన కేంద్ర పథకం కింద 25 కోట్ల స్మార్ట్ ప్రీపెయిడ్ మీటర్లు పెట్టాలన్నది లక్ష్యం. ప్రతి మీటరూ డిస్కం కంప్యూటరుతో మాట్లాడుతుంది. అలాంటప్పుడు మీటరు డబ్బా చేసిన కంపెనీ లోపలి అలవాట్లు కూడా గ్రిడ్ సంగతే అవుతాయి.

చిన్న సరఫరాదారు ద్వారా పెద్ద సంస్థలోకి దూరడం కథల్లో జరిగేది కాదు. 2013లో అమెరికా దుకాణాల గొలుసు టార్గెట్ నుంచి దాదాపు 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. దొంగలకు తాళంచెవి దొరికింది ఆ దుకాణాలకు ఏసీలు, ఫ్రిజ్‌లు చూసే కాంట్రాక్టరు దగ్గర. 2021 మేలో కొలోనియల్ పైప్‌లైన్ ఆగిపోయి అమెరికా తూర్పు తీరంలో పెట్రోలుకు క్యూలు కట్టారు. అక్కడ దారి, ఎవరూ వాడకుండా వదిలేసిన ఒక రిమోట్ ఖాతా, దాని పాస్‌వర్డు. రెండో అంచె ధ్రువీకరణ ఆ ఖాతాకు లేదు. రెండు చోట్లా లోపించింది మహా విద్య కాదు, ప్రాథమిక శుభ్రత.

ప్రాథమిక సర్టిఫికెట్లు పుట్టింది ఆ ఖాళీలోనే. బ్రిటన్ ప్రభుత్వం 2014 జూన్‌లో సైబర్ ఎసెన్షియల్స్ అనే పథకం పెట్టింది. అందులో అంశాలు ఐదే: ఫైర్‌వాల్, పరికరాల సురక్షిత అమరిక, ఎవరికి ఎంత ప్రవేశం, మాల్‌వేర్ రక్షణ, అప్‌డేట్లు. తీవ్రమైన లోపానికి అప్‌డేట్ వస్తే 14 రోజుల్లో వేసి తీరాలి. సర్టిఫికెట్ ఏడాదే చెల్లుతుంది. తనకు తాను జవాబులు రాసి సమీక్షకు ఇచ్చేది ఒక స్థాయి, బయటివాళ్లు వచ్చి యంత్రాలు పరీక్షించేది పై స్థాయి. 2014 అక్టోబర్ నుంచి వ్యక్తిగత సమాచారం చేతులు మారే కొన్ని ప్రభుత్వ కాంట్రాక్టులకు ఇది తప్పనిసరి చేశారు. ఈ నియంత్రణలున్న సంస్థల నుంచి సైబర్ బీమా క్లెయిములు 92 శాతం తక్కువగా వచ్చాయని బ్రిటన్ ప్రభుత్వం చెప్పుకుంది. బీమా సంస్థ లెక్కలు గనుక వీటికి విలువ ఇస్తాను. అయితే సర్టిఫికెట్ తెచ్చుకునేవాళ్లు ముందే కొంత జాగ్రత్తపరులు అయి ఉంటారన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఈ ఐదంశాల కాగితానికీ సేవా భవన్ పత్రానికీ పరిమాణంలో పోలిక లేదు, స్వభావంలో ఉంది. పద్నాలుగు రోజులు, ఆరు నెలలు, ఒక్కో ఫైర్‌వాల్‌కు ఒక్కో జాబితా. చర్లపల్లిలోనో జీడిమెట్లలోనో ముప్పైమందితో ప్యానెల్ బోర్డులు చేసే యజమానికి 93 నియంత్రణల ప్రమాణం చూపిస్తే, కన్సల్టెంటుకు డబ్బిచ్చి ఫైలు తయారుచేయించుకుంటాడు. ఐదంశాలు చూపిస్తే తన అకౌంటెంటును పిలిచి, మన దగ్గర కంప్యూటర్లు ఎన్ని, పోయిన ఏడాది మానేసిన కుర్రాడి లాగిన్ ఇంకా ఉందా అని అడుగుతాడు. ఆ ప్రశ్న పుట్టించడమే సర్టిఫికెట్‌లోని అసలు ఖరీదైన భాగం. తర్వాతి లాభాలు వ్యాపారానివి: టెండరులో భద్రత ప్రశ్నావళి వచ్చినప్పుడు ఇరవై పేజీలు నింపకుండా ఒక నంబరు రాయగలగడం, బీమా అడిగినప్పుడు చూపగలగడం, సమాచారం బయటపడి కేసు అయినప్పుడు సహేతుకమైన జాగ్రత్తలు తీసుకున్నానని చెప్పుకోగలగడం. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సహేతుక భద్రతా ఏర్పాట్లు లేకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్లవచ్చు.

సేవా భవన్ పత్రంలో నాకు కనిపించిన అసలు లోటు ఇక్కడే. సరఫరాదారులను పరిధిలోకి తెచ్చింది, కాని వాళ్ల స్థాయికి తగిన తొలిమెట్టు చూపలేదు. ఎన్‌టీపీసీకి వర్తించే భాష, ముప్పైమంది షెడ్డుకు వర్తించే భాష ఒకటే కాదు. ఆ ఖాళీని కొంత పూరించింది సెర్ట్-ఇన్: 2025 సెప్టెంబరులో చిన్న, మధ్యతరహా పరిశ్రమల కోసం 15 మౌలిక నియంత్రణలు ప్రకటించింది. వాటిలో మొదటి పనుల్లో ఒకటి ఆస్తుల జాబితా. అంటే ఉన్న యంత్రాల పేర్లు, వాటి మీద నడిచే సాఫ్ట్‌వేర్, ఎవరి చేతిలో ఉన్నాయన్నది రాసిపెట్టుకోవడం. దానికి కొనాల్సింది ఏమీ లేదు.

చివరి అధికరణం ఆడిట్ గురించి. సెర్ట్-ఇన్ గుర్తింపు పొందిన, ఓటీ తెలిసిన ఆడిటరే చెయ్యాలి. ఆడిట్లో తేలిన అతి తీవ్ర, తీవ్ర లోపాలను నెలలోగా సరిచెయ్యాలి. మధ్యస్థ, స్వల్ప లోపాలను తరవాతి ఆడిట్ లోపు సరిచెయ్యాలి. ఆడిట్ రిపోర్టు మన ఆఫీసుల్లో సాధారణంగా బీరువాలోకి వెళ్లే వస్తువు. ఇక్కడ ప్రతి లోపానికీ ఒక తారీఖు తగిలించారు కాబట్టి తరవాతి ఆడిటరు ముందుగా పాత రిపోర్టే తెరుస్తాడు.

మార్గదర్శకాలను నిబంధనల స్థాయికి తెచ్చేందుకు ప్రాధికార సంస్థ 2024లో ముసాయిదా వెలువరించి అభిప్రాయాలు అడిగింది. 2021 పత్రంలో ఉన్న తొంభై రోజుల లాంటి తొందరపాట్లు అక్కడ సర్దుకుంటాయా, చిన్న సరఫరాదారుకు వేరే మెట్టు వస్తుందా అన్నది, ఆర్.కె. పురం వైపు చూసే ప్రతి ప్యానెల్ బోర్డు తయారీదారూ తన ధరల పట్టిక దిద్దుకునే ముందు చదువుకోవాల్సిన సంగతి.